ఇరవై అయిదు నిమిషాలు

మేడమీది గది,
మార్చి 3.

బావకి నమస్కారాలు.

నీ చెవులకి ఫోన్ పనికిరాదు, నీకేమో మెయిల్ పడదు. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. దీంతో పాటు వచ్చిన నల్ల డబ్బా హార్డ్ డిస్కు. అక్క దాన్ని ఏ మందుల పెట్టె అనుకునో అలమరలోకి తోసెయ్యకుండా చూసుకో.

ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చిన పని మొదలుపెట్టాను. మన పత్రికలో చేరిన నాటి నుంచి తీసిన ఫొటోలు రెండు పాత కంప్యూటర్లలోనూ, నాలుగు డిస్కుల్లోనూ, ఒక అట్టపెట్టెడు సీడీల్లోనూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అన్నిటినీ ఒక చోటికి చేర్చాను. నలభై మూడు వేలు తేలాయి. ప్రతి ఫైలుకీ తీసిన తేదీ, టైము పేరుగా పెట్టాను. ఏడాదికో ఫోల్డరు, అందులో రోజుకో ఫోల్డరు. మొహాలు మసకగా ఉన్నవాటిని వేరు చేసే ప్రోగ్రామ్ ఒకటి దొరికింది. అది నాలుగు వేల పైచిలుకు ఏరింది. వాటిని ‘పనికిరానివి’ అన్న ఫోల్డర్లో పడేశాను.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఏ ఫొటోకైనా మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మా ఇంటి కప్పు కూలినా ఫొటోలు బతకాలి కదా. ఆ వేరే ఇల్లు నీది.

ఊరికే దాచమని పంపలేదు. ఫొటోలో ఉన్నదెవరో నాకు గుర్తు లేదు, నీ నోటు పుస్తకాల్లో ఉంటుంది. రోజుకి పది ఫొటోలకైనా పేర్లు రాసిపెట్టు. అక్క వంటింట్లోంచి తరిమినప్పుడు చేసుకోవడానికి పని దొరుకుతుంది.

ఒక చిన్న సంగతి. మొదటి ఏడాది ఫొటోల టైము తప్పు. కొత్త రైలు ప్రారంభం రోజున ప్లాట్‌ఫారం గడియారం ఫొటోలో పడింది. అందులో పది దాటి ఐదు నిమిషాలు. ఫైలు మీద పదిన్నర. కెమెరా ఇరవై అయిదు నిమిషాలు ముందు నడిచిందన్నమాట. ఆ ఏడాది ఫొటోలన్నిటికీ ఒకేసారి ఇరవై అయిదు నిమిషాలు తగ్గించేశాను. నీ పుస్తకాలతో సరిచూడు.

నీ బావమరిది.


వీధి వైపు వరండా,
మార్చి 19.

బావమరిదికి ఆశీస్సులు.

డబ్బా చేరింది. మీ అక్క దాన్ని అలమరలో పెట్టలేదు, పాలగిన్నె మీద మూతగా పెట్టింది. చూసి తీశాను.

నూట అరవై ఫొటోలకి పేర్లు రాశాను. మార్కెట్ శంకుస్థాపనలో ఎడమ పక్క నిలబడ్డ లావాటి మనిషిని నువ్వు మంత్రి అనుకున్నట్టున్నావు. ఆయన మంత్రి కాదు, షామియానా అద్దెకిచ్చినాయన. ఫొటోగ్రాఫర్లు సూటు చూసి మనిషిని నిర్ణయిస్తారని నేను ఊరికే అనలేదు.

టైముల సంగతి. నా పుస్తకాల్లో ప్రతి సంఘటనకీ టైము ఉంది. నువ్వు తగ్గించిన తర్వాతి టైములే నా పుస్తకంతో సరిపోతున్నాయి. కాబట్టి నీ లెక్క ఒప్పే. రెండు వివరాలు కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కెమెరా ముందు నడిచింది? దానికి టైము దేన్ని చూసి పెట్టావు?

మామూలు ప్రశ్నలే. తాపీగా జవాబు రాయి.

బావ.


మేడమీది గది,
ఏప్రిల్ 2.

బావకి,

జూన్ 9 నుంచి తర్వాతి ఏడాది మార్చి 2 దాకా. రెండు వేల మూడు వందల ఫొటోలు.

దేన్ని చూసి పెట్టానంటే, వార్తల డెస్కు దగ్గరి గోడ గడియారాన్ని చూసి. డెస్కు నీ చేతిలో ఉన్నప్పుడు నువ్వు తిప్పించిందే. రిపోర్టర్లు వార్తలు టైముకి ఇవ్వడం లేదని దాన్ని ఇరవై అయిదు నిమిషాలు ముందుకి పెట్టించావు కదా. ఆఫీసులో పాతవాళ్లందరూ మనసులోనే తగ్గించుకునేవాళ్లు. నేను చేరిన రెండో రోజు కెమెరా చేతికిచ్చారు. తలెత్తి గడియారం చూశాను, అదే టైము పెట్టాను. ఆ గడియారం సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. తర్వాత తెలిసినా కెమెరా గుర్తుకు రాలేదు.

ఇక్కడ పని చివరికొచ్చింది. రెండేసి ఉన్నవన్నీ తీసేశాను. ‘పనికిరానివి’ మొత్తం చెరిపేసి కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. సొరుగులో ఉన్న రెండో కాపీని కంప్యూటర్‌తో సరిపోల్చితే అందులోంచీ అవి వాటంతటవే పోయాయి. సీడీలు బూజు పట్టాయి, వాటినీ పారేశాను.

కవరులో పెన్ డ్రైవ్ పెట్టాను. దాన్నీ డిస్కునీ కలిపి నీ కంప్యూటర్‌కి తగిలించి, ‘సరిపోల్చు’ అన్న చోట నొక్కు. నా దగ్గర ఉన్నదే నీ దగ్గరా ఉంటుంది, లేనిది నీ దగ్గరా పోతుంది.

నీ బావమరిది.


వీధి వైపు వరండా,
ఏప్రిల్ 11.

బావమరిదికి,

పేర్లు రాయడం ఆపేశాను. కింద రాసినవి చదువు. ఒక్కటి తప్పున్నా చెప్పు.

ఆ ఏడాది ఆగస్టు 21. స్విమ్మింగ్ పూల్. స్కూలు పిల్లల ఈత పోటీలకి బహుమతులు ఇస్తున్నారు. ఆ సంబరం కొలను గట్టు మీద. మరో మూల లోతు తక్కువ ఉన్నచోట చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు. ఆరేళ్ల పాప మునిగిపోయింది. పూల్ రిజిస్టరు ప్రకారం 5.51కి బయటికి తీశారు. 5.54కి అంబులెన్సుకి ఫోన్ చేశారు. 6.05కి అది వెళ్లింది. ఆస్పత్రికి చేరేసరికి పాప ప్రాణం పోయింది.

ఆ రోజు సాయంత్రం కాపలా ఉన్న లైఫ్‌గార్డు డ్యూటీ 5.30కి మొదలు. 5.30 నుంచి కుర్చీలోనే ఉన్నాననీ, పాపని చూసి తనే దూకాననీ చెప్పాడు. గందరగోళంలో ఎవరు ముందు దూకారో ఎవరూ చెప్పలేకపోయారు.

నువ్వు ఆఫీసుకి వచ్చి కెమెరా చూపించావు. బహుమతి అందుకుంటున్న పిల్లవాడి వెనక లైఫ్‌గార్డు కుర్చీ ఖాళీగా ఉంది. టైమెంత అని అడిగాను. 5.50 అన్నావు. నేను రాసిన వాక్యం ఇది. ‘సాయంత్రం 5.50కి మా ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రంలో కాపలా కుర్చీ ఖాళీగా ఉంది.’ మొదటి పేజీ. శీర్షిక ‘కుర్చీ ఖాళీ’.

నీ డిస్కులో ఇప్పుడు ఆ ఫొటో టైము 5.25. అతని డ్యూటీ మొదలవడానికి ఐదు నిమిషాల ముందు. అంతకుముందు డ్యూటీ చేసినవాడు కాస్త ముందుగా దిగి వెళ్లిపోయాడు. ఖాళీ కుర్చీ ఆ మనిషిది. శిక్ష ఈ మనిషికి పడింది. ఏడు నెలలు.

ఇంకొకటి. ఆ రోజు ఫోల్డర్లో నీ ఆఖరి ఫొటో పాత టైము 6.12. అందులో కప్పు పట్టుకుని పిల్లలు నవ్వుతున్నారు. 6.12కి అంబులెన్సు వెళ్లిపోయి ఏడు నిమిషాలైంది. అప్పుడు ఎవరైనా బహుమతులిస్తారా? ఆ రోజు నీ ఆఖరి ఫొటో ఏదని నేను ఒక్క మాట అడిగి ఉంటే తప్పు అక్కడే బయటపడేది. అడగలేదు. నాకు కావలసిన ఫొటో దొరికింది, ఆగిపోయాను. తప్పుడు టైము చూపించిన గడియారాన్ని ముందుకి తిప్పించిందీ నేనే.

పాత ఫైలు తీశాను. అతను పత్రికకి రాసిన ఉత్తరం అందులో ఉంది. నాలుగు వాక్యాలు. ఆఖరిది: ‘నేను ఫొటోలో లేనంటే ఆ ఫొటో తీసిన టైము ఎవరు చెప్పారో కనుక్కోండి.’ దాని మీద ఎర్ర పెన్సిలుతో ‘అవసరం లేదు’ అని రాసి ఉంది. దస్తూరీ నాది.

ఒక్కటే ప్రశ్న. కెమెరా టైము తప్పని నీకు ఎప్పుడు తెలిసింది?

బావ.


మేడమీది గది,
ఏప్రిల్ 20.

బావకి,

నువ్వు రాసిన దాంట్లో ఒక్క తప్పూ లేదు.

స్టేషన్ గడియారాన్ని ఇప్పుడే కనిపెట్టినట్టు రాశాను. అది అబద్ధం. రైలు ప్రారంభం మార్చి 2న. ఆ సాయంత్రమే ఫొటోలు కంప్యూటర్లో వేస్తుంటే చూశాను. చూసిన వెంటనే ఆ కుర్చీ గుర్తొచ్చింది. కూర్చుని లెక్క వేశాను. నువ్వు వేసిన లెక్కే.

నీకు చెప్పాలని డెస్కు దాకా వచ్చాను. నువ్వు ఫోన్లో ఉన్నావు. చెయ్యి ఊపి తర్వాత రమ్మన్నావు. నెపం నీ మీదికి నెట్టడం లేదు, జరిగింది రాస్తున్నాను. ఆ కాసేపట్లో నాకొక ఊరట దొరికింది. అంతకు మూడు వారాల ముందే అతను కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. కుర్చీలో లేనని తనే చెప్పాడు. మనిషే ఒప్పుకున్నాక ఫొటోతో పనేముంది అనుకున్నాను. టైము ఏదైనా అతను అక్కడ లేడన్నది నిజమే కదా అనుకున్నాను. కెమెరా టైము సరిచేసి ఇంటికి వెళ్లిపోయాను.

పందొమ్మిదేళ్లు దాచాను. నువ్వు నాకు అక్క మొగుడివే కాదు, ఉద్యోగం ఇప్పించినవాడివి. కొత్తవాడు కదా, కెమెరా టైము చూసుకోమని కూడా చెప్పని ఆఫీసు అని లోపల నిన్నే తిట్టుకునేవాణ్ణి. అదొక దారి, తప్పించుకోవడానికి.

డిస్కు నీకు ఎందుకు పంపానో తెలిసే ఉంటుంది. నువ్వు ప్రతిదీ సరిచూసే మనిషివి. నేను నోరు తెరవకుండా నువ్వే కనిపెడతావని పంపాను. ఇంత వయసొచ్చినా నా ధైర్యం అంతే.

నీ బావమరిది.


వీధి వైపు వరండా,
మే 6.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడేమీ రాయను. రాస్తే తిట్లే వస్తాయి, వాటిలో సగం నాకే తగులుతాయి.

అతని చిరునామా కనుక్కోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తున్నాడు. వయసు యాభై రెండు. నిన్న పన్నెండింటికి వెళ్లాను. పెద్ద హాలు, ఆరు యంత్రాలు తిరుగుతున్నాయి, నేల తడి. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేనెవరో చెప్పాను. అతనికి నా పేరు గుర్తుంది. కోప్పడలేదు. స్టూలు చూపించాడు.

గడియారం సంగతి, కెమెరా సంగతి, 5.25 సంగతి వరసగా చెప్పాను. చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేశాడు. తర్వాత ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఇంకోసారి అడిగాను. యంత్రాల చప్పుడులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కన పని చేసేవాళ్లందరూ చేతులు ఆపి చూశారు.

“అయితే నేను కుర్చీలోనే ఉన్నానా? ఉండి కూడా చూడలేదా?”

క్షమాపణ అడగడానికి వెళ్లాను. ఈ ప్రశ్న వస్తుందని ఊహించలేదు.

బయటికి తీసుకెళ్లి తాపీగా చెప్పాడు. మొదటి నెల అంతా కుర్చీలోనే ఉన్నానన్నాడట. వకీలు ఆ ఫొటో ముందు పెట్టి, ఇది చూశాక నిన్ను నమ్మేదెవరు, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది అన్నాడట. రోజూ ఆ ఫొటో చూశాడు. తను లేని ఫొటో. కొన్నాళ్లకి తను ఎక్కడికి వెళ్లి ఉంటాడో గుర్తు రావడం మొదలైందట. గేటు పక్క టీ కొట్టు. వేడి గ్లాసు రుమాలుతో పట్టుకోవడం. చక్కెర ఎక్కువైందని కొట్టువాడితో అనడం. ఇవన్నీ కోర్టులో చెప్పాడు. భార్యకి చెప్పాడు. కూతురికి ఊహ తెలిశాక ఆమెకీ చెప్పాడు. నేను టీకి వెళ్లాను, పాప పోయింది అని.

“ఆ టీ రుచి కూడా నా నోట్లో ఉందండీ,” అన్నాడు.

విన్నావా? అతను ఒప్పుకున్నాడు కదా అని నువ్వు ఊరుకున్నావు. అతను ఒప్పుకున్నది మన ఫొటో చూసి.

ఇన్నేళ్లూ అతని నేరం అక్కడ లేకపోవడం. దానికి అలవాటు పడి బతుకుతున్నాడు. నేను వెళ్లి దాన్ని తీసేసి, అక్కడే ఉండి చూడకపోవడం అన్న మరో నేరం చేతిలో పెట్టి వచ్చాను. అది నిజమో కాదో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

పత్రికకి రాశాను. ఇప్పటి ఎడిటర్ పందొమ్మిదేళ్ల నాటి సంగతి ఎవరికి గుర్తుంటుందన్నాడు. గుర్తున్నవాడి చిరునామా ఇచ్చాను. సవరణ వేస్తామన్నాడు.

బావ.


మేడమీది గది,
మే 10.

బావా,

ముందు ఇది చదువు. పెన్ డ్రైవ్ తగిలించావా? ‘సరిపోల్చు’ నొక్కావా? నొక్కకపోతే ఇక దాన్ని ముట్టుకోకు.

నీ ఉత్తరం చదివాక ఆ రోజు ఫోల్డరు తెరిచాను. ముప్పై ఎనిమిది ఫొటోలు. కెమెరా వరస నంబర్లు చూస్తే మధ్యలోవి, చివరివి కలిపి తొమ్మిది లేవు. ఆ తొమ్మిదీ మసక అని ప్రోగ్రామ్ ఏరినవి. నేను ఒక్కటీ తెరిచి చూడకుండా చెరిపినవి. చెరిగిపోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ రెండు రోజులు నడిపాను. వాటి చోట కొత్త ఫైళ్లు రాసేశాను కాబట్టి ఏమీ మిగల్లేదు. సీడీలు పారేశాను.

ఆ ప్రోగ్రామ్ చూసేది మొహాలని. ముందు నిలబడ్డ పిల్లల మొహాలు మసకగా ఉంటే పనికిరాదంటుంది. కాని ముందున్నవాళ్లు మసకగా ఉన్నారంటే కొన్నిసార్లు కెమెరా వాళ్ల వెనక ఉన్నదాన్ని పట్టుకుందని అర్థం. వెనక ఉన్నది ఆ కుర్చీ. ఆ రోజు నా కళ్లు బహుమతుల మీదే ఉన్నాయి, మసకవాటిని కెమెరా తెర మీద చూడకుండా దాటేశాను.

మార్చిలో నీకు పంపిన కాపీ చెరపకముందుది. అవి లోకంలో ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ డబ్బాలోనే ఉండాలి. నువ్వు నొక్కి ఉంటే అక్కడా లేవు.

వెంటనే రాయి.


వీధి వైపు వరండా,
మే 14.

నొక్కలేదు. తెలివితో కాదు. నీ ఏప్రిల్ 20 ఉత్తరం చదివి ఒళ్లు మండి పెన్ డ్రైవ్‌ని సొరుగులోకి విసిరేశాను. మీ అక్క నా కోపం ఎందుకూ పనికిరాదని నలభై ఏళ్లుగా అంటోంది. ఈసారి ఆ మాట నేను ఒప్పుకోలేదు.

‘పనికిరానివి’ తెరిచాను. తొమ్మిదీ ఉన్నాయి. మూడింటిలో కుర్చీ కనిపిస్తోంది. ఈ ఫోల్డర్లో నువ్వు టైము సరిచెయ్యలేదు, నేనే ఇరవై అయిదు నిమిషాలు తగ్గించి రాస్తున్నాను.

5.50.08. కుర్చీలో లైఫ్‌గార్డుల ఎర్ర బనీను వేసుకున్న మనిషి. కూర్చుని లేడు. చేతులు కుర్చీ మీద ఆన్చి సగం లేచి చిన్నపిల్లల మూలకేసి చూస్తున్నాడు.
5.50.11. కుర్చీ ఖాళీ. మనిషి గాలిలో ఉన్నాడు, చేతులు ముందుకి చాచి.
5.50.15. నీళ్లు తెల్లగా లేచాయి. మనిషి కనపడడు.

మూడింటిలోనూ ముందు వరసలో బహుమతుల వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఇంకా ఎవరికీ తెలియదు.

పాప ఎంతసేపు నీళ్లలో ఉందో ఈ ఫొటోలు చెప్పవు. మనం కూడా చెప్పొద్దు. అందరికంటే ముందు అతను చూశాడు, చూసిన మూడు సెకన్లలో దూకాడు. ఫొటోల్లో ఉన్నది అంతే.

చూశాక వరండాలోకి వచ్చి కూర్చున్నాను. మీ అక్క ఏమైందని అడిగింది. లోపలికి తీసుకెళ్లి ఆ మూడూ చూపించాను.

మూడు కాపీలు చేశాను. ఒకటి పంపుతున్నాను. నువ్వు తీసుకెళ్లి చూపించు. నేను రాను.

బావ.


లాండ్రీ ఎదుటి బెంచీ,
మే 23.

బావకి,

ఇంటికి వెళ్లే దాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

రాత్రి ఆ మూడు ఫొటోలనీ కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. మనిషి గోరంత ఉన్నాడు. కుర్చీ చుట్టూ కత్తిరించవచ్చు, వెలుతురు పెంచవచ్చు, మొహం తేటపరిచే సాఫ్ట్‌వేర్ కూడా నా దగ్గర ఉంది. ఏదీ చేయలేదు. కెమెరాలో పడ్డది పడ్డట్టే తీసుకొచ్చాను.

భోజనాల విరామంలో ల్యాప్‌టాప్ మడతల బల్ల మీద పెట్టాను. ముందు నేనెవరో చెప్పాను. తర్వాత, తప్పు మార్చి 2నే నాకు తెలుసనీ, చెప్పకుండా ఊరుకున్నాననీ చెప్పాను. తల ఊపాడు. కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి.

ఫొటో మార్చే మీట ఏదని అడిగాడు. చూపించాను. తనే నొక్కాడు. కుర్చీలో, గాలిలో, నీళ్లలో. మళ్లీ వెనక్కి. నీళ్లలో, గాలిలో, కుర్చీలో. ఎన్నిసార్లు నొక్కాడో లెక్కపెట్టలేదు. నవ్వుతున్నవాళ్లని వేలితో చూపించి వీళ్లెవరూ చూడలేదా అని అడిగాడు. ఇంకా చూడలేదన్నాను.

“నేను చూశాను,” అన్నాడు.

ఆ మాట అన్నాక బల్ల అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఎవరో నీళ్లు తెచ్చారు, తాగలేదు. మొహంలో సంతోషం ఉందని రాస్తే అబద్ధం. దెబ్బ తిన్నవాడు ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. కాసేపటికి, మరి ఆ టీ నేనెప్పుడు తాగాను అని అడిగాడు. తెలియదన్నాను.

జేబులోంచి ఫోన్ తీసి కూతురికి కలిపాడు. ఆమె ఎత్తింది. వెంటనే ఫోన్ నా చేతికిచ్చాడు.

“నేను చెబితే నమ్మదండీ. కుర్చీలో లేనని ఇన్నేళ్లూ నేనే చెప్పాను. మీరు చెప్పండి.”

చెప్పాను, బావా. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

నీ బావమరిది.